ఎమ్మెస్ మొదటి సెమ్ అయ్యాక యూనివర్సిటీ మారుతున్నాను: డీఎస్‌ఓకి ఎప్పుడు చెప్పాలి? డిసెంబర్‌లో ఇండియా వెళ్ళొచ్చా?

ఒంగోలు_అమ్మాయి

అందరికీ నమస్తే. ఆగస్టులో ఎమ్మెస్ కంప్యూటర్ సైన్స్‌కి వచ్చాను. మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఊరు, ప్రైవేటు యూనివర్సిటీ. చదువు బాగానే ఉంది, ప్రొఫెసర్లూ మంచివాళ్ళే. సమస్య డబ్బే. కన్సల్టెన్సీ వాళ్ళు చెప్పిన స్కాలర్‌షిప్ మొదటి సెమ్‌కి మాత్రమేనని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. స్ప్రింగ్ నుంచి ఫీజులన్నీ కలిపి క్రెడిట్‌కి 1,100 డాలర్లు పడుతుంది. ఇంకా 21 క్రెడిట్లు మిగులుతాయి.

డాలస్ దగ్గర మా పెద్దమ్మ కొడుకు ఉంటాడు. అన్నయ్య చెబితే అక్కడి ఒక స్టేట్ యూనివర్సిటీకి సెప్టెంబర్‌లో అప్లై చేశాను. నిన్న అడ్మిట్ వచ్చింది. వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారు, దానివల్ల ఇన్‌స్టేట్ ఫీజే (ఆ రాష్ట్రం వాళ్ళు కట్టేదే) కడితే చాలట. అన్నీ కలిపి క్రెడిట్‌కి 550 దాకా అవుతుంది.

ఇప్పుడు నా సందేహాలు. కొత్త ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఫారం) చేతికి వచ్చేదాకా ఇక్కడి డీఎస్‌ఓకి (విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే యూనివర్సిటీ అధికారికి) చెప్పొద్దని రూమ్మేట్స్ అంటున్నారు, నిజమేనా? డైనింగ్ హాల్‌లో వారానికి 18 గంటలు చేస్తున్నాను, చివరి షిఫ్ట్ డిసెంబర్ 13. ఫైనల్స్ 12తో అయిపోతాయి. నాయనమ్మకి ఒంట్లో బాగోలేదు, చూసి రావాలని 16వ తేదీకి టికెట్ తీసుకున్నాను. అమ్మ భోగి దాకా ఉండమంటోంది, కొత్త చోట క్లాసులేమో జనవరి 12నే మొదలు. వీసా మీద పాత యూనివర్సిటీ పేరుంది కదా, మళ్ళీ స్టాంపింగ్‌కి వెళ్ళాలా? ఇక్కడ చేసిన 9 క్రెడిట్లు అక్కడ లెక్కలోకి వస్తాయా? అన్నిటికంటే పెద్ద భయం లోన్ గురించి. 40 లక్షలు, నాన్న పొలం తాకట్టులో ఉంది. కాలేజీ మారితే బ్యాంకు వాళ్ళు ఏమంటారో తెలియక రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. ఎవరైనా చెప్పగలరా?


రూమ్_నంబర్_7

ఎందుకు సిస్టర్ ఇంత టెన్షన్. క్లాసులకి వెళ్ళే పనే లేని కాలేజీలు ఉన్నాయి. మొదటి రోజు నుంచే సీపీటీ (చదువుతూనే బయట జాబ్ చేసే అనుమతి) ఇస్తారు, మూడు నెలలకోసారి వీకెండ్‌లో ముఖం చూపిస్తే చాలు. ఫీజు కూడా తక్కువే. మా ఫ్రెండ్ వెళ్ళి ఫుల్‌టైమ్ జాబ్ చేసుకుంటున్నాడు. డీటెయిల్స్ కావాలంటే మెసేజ్ పెట్టండి.


హనుమకొండ_అక్క

చెల్లీ, పైన ఏడో నంబర్ రూమ్ గారి మెసేజ్‌కి జవాబు పెట్టకు. దాని సంగతి వేరేవాళ్ళు చెబుతారు, నేను నీ విషయానికి వస్తాను.

నేను డీఎస్‌ఓని కాను. ఎమ్మెస్ చదివేటప్పుడు యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో ముందు డెస్క్ దగ్గర కూర్చునేదాన్ని. ట్రాన్స్‌ఫర్ అవుట్ ఫారాలు తీసుకోవడం, తేదీలు సరిచూడటం, లోపలికి పంపడం నా పని. నీ ప్రశ్నలు చాలా ఉన్నట్టు కనిపిస్తున్నాయి కానీ సగానికి పైగా ఒక్క తేదీ చుట్టూనే తిరుగుతున్నాయి. ఆ ఫారంలో ఒక చిన్న గడి ఉంటుంది, రిలీజ్ డేట్ అని. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అన్నీ నింపేసి ఆ గడి దగ్గర ఆగి, "ఏం వేయమంటారు?" అని నన్నే అడిగేవాళ్ళు.

ఊళ్ళో టీసీ తీసుకుని ఇంకో కాలేజీలో ఇచ్చినట్టే ఇదీ అనుకుంటాం మనం. ఇక్కడ నీ చేతికి ఏమీ ఇవ్వరు. సెవిస్ అనే సిస్టమ్‌లో నీ పేరు మీద ఒక రికార్డు ఉంటుంది, అది పాత స్కూల్ నుంచి కొత్త స్కూల్‌కి మారుతుంది. మారే రోజే రిలీజ్ డేట్. ఆ రోజు వచ్చేదాకా నువ్వు పాత స్కూల్ విద్యార్థివి, మనసు మారితే పాత డీఎస్‌ఓ ట్రాన్స్‌ఫర్‌ని రద్దు చేయగలరు. ఆ రోజు వచ్చాక పాతవాళ్ళు నీ రికార్డు మీద ఏమీ చేయలేరు.

మీ రూమ్మేట్స్ మాట ఇక్కడే తేలిపోతుంది. రికార్డు తమ దగ్గరికి వస్తే తప్ప కొత్త స్కూల్ వాళ్ళు ఐ-20 తీయలేరు. పాత డీఎస్‌ఓకి చెబితే తప్ప రికార్డు కదలదు. మరి కొత్త ఐ-20 వచ్చేదాకా చెప్పకుండా ఉంటే అది ఎప్పటికొస్తుంది? అడ్మిట్ లెటర్ వచ్చేసింది కాబట్టి ఈ వారంలోనే వెళ్ళి చెప్పు. వాళ్ళేమీ తిట్టరు. ట్రాన్స్‌ఫర్లు వాళ్ళకి రోజువారీ పని. కొన్ని స్కూళ్ళు కొత్త యూనివర్సిటీ వాళ్ళు సంతకం పెట్టిన ట్రాన్స్‌ఫర్ ఇన్ ఫారం అడుగుతాయి, దాన్ని కొత్త అడ్మిట్ పోర్టల్‌లో వెతుక్కో.

ఇక తేదీ. నీకు 15 డిసెంబర్ వేయమంటాను. ఎందుకో చెబుతాను. రిలీజ్ డేట్ రాగానే పాత స్కూల్‌లో ఆన్ క్యాంపస్ పని చేసే హక్కు పోతుంది, సీపీటీ ఉంటే అదీ పోతుంది. ఆ తర్వాత చేసిన ఒక్క షిఫ్ట్ అయినా అనుమతి లేని పని కిందకే వస్తుంది. ఒకసారి ఒకబ్బాయి కొత్త స్కూల్ వాళ్ళు తొందరపెడుతున్నారని నవంబర్ 30 వేసుకొచ్చాడు. ఫారం మీద ఆ తేదీ చూసి, "జాబ్ ఏమైనా చేస్తున్నావా?" అని మామూలుగా అడిగాను. జేబులోంచి ఫోన్ తీసి డైనింగ్ షెడ్యూల్ చూపించాడు. డిసెంబర్ రెండో వారం దాకా శుక్ర, శని, ఆదివారాలు నిండా షిఫ్టులే. పైగా ఫైనల్స్ ఇంకా కాలేదు! ఆ ఫారం అలాగే లోపలికి వెళ్ళి ఉంటే ఆ రెండు వారాలు తర్వాత ఎప్పుడో హెచ్-1బీ పెట్టేటప్పుడు బయటికొచ్చేవి. పెన్నుతో కొట్టేసి కొత్త తేదీ వేయించాం. నీ చివరి షిఫ్ట్ 13 అన్నావు కాబట్టి 15 సరిపోతుంది. 13 తర్వాత ఎవరైనా "నా షిఫ్ట్ కవర్ చేస్తావా ప్లీజ్" అంటే ఒప్పుకోకు. చివరి జీతం చెక్కు తర్వాత వస్తే పరవాలేదు, పని చేసిన తేదీలే లెక్క.

మరి 20, 22 ఎందుకు వద్దంటే, క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా చాలా యూనివర్సిటీలు మూసేస్తారు. ఇంటర్నేషనల్ ఆఫీసులో ఈగ కూడా ఉండదు. 22న రికార్డు వెళ్తే జనవరి మొదటి వారం దాకా దాన్ని ఎవరూ ముట్టుకోరు. నువ్వేమో ఒంగోలులో కూర్చుని గంటకోసారి ఈమెయిల్ రిఫ్రెష్ చేస్తుంటావు. 15న వెళ్తే మూసేలోపు వాళ్ళకి వారం పైనే టైమ్ ఉంటుంది. నీ ప్రయాణం తేదీలు చెప్పి, ఐ-20 త్వరగా కావాలని కొత్త ఆఫీసుకి ముందే మెయిల్ పెట్టుకో.

ఐ-20 ఇప్పుడు ఈమెయిల్‌లోనే పంపుతారు, అది చెల్లుతుంది. ఒంగోలులోనే ప్రింట్ తీసి సంతకం పెట్టు. రికార్డు మారిపోయాక పాత ఐ-20తో తిరిగి రావడం కుదరదు, కొత్తదే చూపించాలి. అది చేతిలో లేకుండా తిరుగు ప్రయాణం విమానం ఎక్కకు.

వీసా గురించి చాలామంది అనవసరంగా బెంగ పెట్టుకుంటారు. గడువు ఉన్నంతకాలం పాత స్కూల్ పేరున్న ఎఫ్-1 (స్టూడెంట్) వీసాతోనే రావచ్చు. సెవిస్ నంబర్ మారదు, సెవిస్ కోసం కట్టిన ఐ-901 ఫీజు మళ్ళీ కట్టక్కర్లేదు, పాత రసీదు దాచుకో. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ "వీసా మీద ఈ స్కూల్ ఉంది, ఐ-20 మీద ఆ స్కూల్ ఉంది, ఏమిటి?" అని అడగొచ్చు. ట్రాన్స్‌ఫర్ అయ్యానని చెప్పి అడ్మిట్ లెటర్, మొదటి సెమ్ మార్కులు చూపించు. ఫీజు, కన్సల్టెన్సీ కథంతా అక్కడ చెప్పక్కర్లేదు.

భోగి సంగతి అమ్మకి నువ్వే నచ్చజెప్పుకోవాలి. ఐ-20 మీదున్న ప్రోగ్రామ్ స్టార్ట్ డేట్ నుంచి 15 రోజుల్లోపు కొత్త డీఎస్‌ఓకి రిపోర్ట్ చేయాలన్నది రూల్, ఆ లెక్కన 16న వచ్చినా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ కొత్త యూనివర్సిటీకి తన ఓరియెంటేషన్, తన లేట్ అరైవల్ గడువు, లేట్ రిజిస్ట్రేషన్ ఫీజు వేరే ఉంటాయి. మంచి కోర్సుల్లో సీట్లు అప్పటికి నిండిపోతాయి. జనవరి 8, 9కల్లా డాలస్‌లో ఉండేలా టికెట్ మార్చుకో. వచ్చాక కొత్త డీఎస్‌ఓకి రిపోర్ట్ చేసి, అడ్రస్ ఇచ్చి, ట్రాన్స్‌ఫర్ పెండింగ్ అని రాసి ఉన్న ఐ-20 స్థానంలో పూర్తయినట్టు ఉన్నది తీసుకో. చేరిపోయాం కదా అని ఈ చివరి మెట్టు వదిలేసేవాళ్ళు చాలామంది. తర్వాత డ్రైవింగ్ లైసెన్స్ కోసం వెళ్ళినప్పుడు తెల్లమొహం వేస్తారు.

ఇంకొకటి. 2025 ఆగస్టులో హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్ళు ఎఫ్-1 రూల్స్ మారుస్తామని ప్రతిపాదన పెట్టారు. మాస్టర్స్ వాళ్ళు మధ్యలో స్కూల్ మారడం మీద ఆంక్షలు అందులో ఉన్నాయి. అందుకని 2021, 2022 నాటి యూట్యూబ్ వీడియోలు చూసి నిర్ణయం తీసుకోకు. డీఎస్‌ఓ దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ రోజుకి అమల్లో ఉన్న రూల్ ఏమిటో మొదటి ప్రశ్నగా అడుగు. క్రెడిట్ల సంగతి రాత్రికి రాస్తాను, ఇప్పుడు మీటింగ్ ఉంది.


నోవై_బాబాయ్

రూమ్ నంబర్ 7 బాబూ, మిషిగన్‌లో నేనుండే నోవైకి ఫార్మింగ్టన్ హిల్స్ పక్క ఊరే. అక్కడ ఒక ఆఫీసు భవనంలో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్ అని బోర్డు ఉండేది. ప్రొఫెసర్లు లేరు, క్లాసులు లేవు. ఫీజు తక్కువ, సీపీటీ వెంటనే. నువ్వు చెప్పిన సరుకే అచ్చంగా. 2019 జనవరిలో తేలిందేమిటంటే దాన్ని నడిపింది ఇమిగ్రేషన్ అధికారులే. వంద మందికి పైగా పిల్లల్ని ఆ విడతలోనే పట్టుకున్నారు, ఎక్కువమంది మన తెలుగువాళ్ళు. వాళ్ళలో చాలామంది వేరే యూనివర్సిటీల నుంచి ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవాళ్ళే. తెలిసినవాళ్ళని చేర్పించి కమిషన్ తీసుకున్న 8 మంది జైలుకి వెళ్ళారు. "మెసేజ్ పెట్టండి" అని రాసేటప్పుడు అది కూడా గుర్తుపెట్టుకో.

అమ్మాయీ, నువ్వు మారేది స్టేట్ యూనివర్సిటీ కాబట్టి నీకు ఈ భయం లేదు. ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతున్నాను. ప్రభుత్వ లిస్టులో పేరుంటే చాలనుకోవద్దు. ఫార్మింగ్టన్ పేరు కూడా అధికారిక లిస్టులో ఉండేది! నిజంగా పాఠాలు చెప్పే చోటు అయితే ఈ సెమ్ క్లాస్ షెడ్యూల్ గది నంబర్లతో సహా వెబ్‌సైట్‌లో ఉంటుంది. ప్రొఫెసర్ల పేర్లు, వాళ్ళ పేపర్లు దొరుకుతాయి. లైబ్రరీ ఎన్నింటి దాకా తెరిచి ఉంటుందో ఫోన్ చేసి అడిగితే చెప్పేవాళ్ళుంటారు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్ళకి ట్రాకర్లు కట్టిన ఫోటోలు చూసి ఇక్కడ మేమందరం తల పట్టుకున్నాం. ఎనిమిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే. ఫార్మింగ్టన్‌కి కట్టిన ఫీజు తిరిగి ఇప్పించమని ఒక విద్యార్థి వేసిన దావా ముందుకు నడవొచ్చని ఫెడరల్ అప్పీల్ కోర్టు చెప్పేసరికి 2024 వచ్చింది.


నంద్యాల_నాన్న

అమ్మా, లోన్ గురించి భయపడకు. మా అబ్బాయి పోయినేడాది ఇలాగే మారాడు, ఇక్కడ బ్యాంకు చుట్టూ తిరిగింది నేనే.

బ్యాంకు నీ లోన్‌ని ఒక కాలేజీకి, ఒక కోర్సుకి అని శాంక్షన్ చేసింది. ఒక్కో సెమిస్టర్ ఫీజు ఆ కాలేజీ ఖాతాకే పంపుతుంది. కాలేజీ మారితే ఆ కాగితాలన్నీ మారాలి. ఇందులో తప్పేమీ లేదు, వాళ్ళకి ఇలాంటివి కొత్త కూడా కాదు. కానీ ముందే చెప్పాలి. ఫీజు గడువు నెత్తి మీదకి వచ్చాక వెళితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. నేను అడ్మిట్ లెటర్, కొత్త కాలేజీ ఫీజుల పట్టిక, ఎందుకు మారుతున్నాడో అబ్బాయి రాసిన ఉత్తరం, దాని మీద నా సంతకం పెట్టి ఇచ్చాను. కొత్త ఐ-20 తర్వాత జత చేశాను. ఫీజు తగ్గుతోంది అన్న మాట ఉత్తరం మొదటి పేరాలోనే రాయి. లోన్ తగ్గుతుందంటే వాళ్ళకీ సంతోషమే కదా.

మా బ్రాంచిలో పని సగంలో ఉండగా మేనేజర్‌కి బదిలీ అయింది. కొత్తాయన మొదటి నుంచీ చెప్పమన్నాడు. అందుకే మీ నాన్నగారితో చెప్పు, ఇచ్చిన ప్రతి కాగితానికీ జిరాక్స్ మీద స్టాంపు, తేదీ వేయించుకోమని. ఫైలు బ్రాంచి నుంచి లోన్ల సెంటర్‌కి వెళ్ళి రావాలి, దానికి వారాలు పడుతుంది. ఈలోగా కొత్త కాలేజీలో మొదటి ఫీజు కట్టాల్సి వస్తే వాయిదాల్లో కట్టే వీలుందేమో అక్కడ అడుగు. మా వాడు మొదటి వాయిదా అలాగే కట్టుకున్నాడు.

స్ప్రింగ్ ఫీజు పొరపాటున పాత కాలేజీకి ముందే పంపించేస్తారేమో చూసుకో. ఇప్పుడే బ్రాంచికి చెప్పి అది ఆపించండి. తిరిగి రావడానికి బోలెడు టైమ్ పడుతుంది, ఈలోపు వడ్డీ నడుస్తూనే ఉంటుంది.


ఒంగోలు_అమ్మాయి

అంకుల్, చాలా థాంక్స్. ఇప్పుడే నాన్నకి ఫోన్ చేసి చెప్పాను, సోమవారం బ్యాంకుకి వెళ్తానన్నారు. బాబాయ్ గారూ, మీకు కూడా. అక్కా, టికెట్ జనవరి 8కి మార్చేశాను. అమ్మ రెండు రోజులు మాట్లాడదు, అలవాటే. రాత్రికి క్రెడిట్ల సంగతి రాస్తానన్నారు, ఎదురుచూస్తున్నాను. ఇక్కడ ఈ సెమ్‌లో అడ్వాన్స్‌డ్ ఆల్గోరిథమ్స్, డేటాబేస్ సిస్టమ్స్, ఇంకా క్లౌడ్ మీద ఒక ఎలెక్టివ్ చేస్తున్నాను. మొదటి రెండూ ఏ వస్తాయి. మూడోది బీ వస్తే గొప్ప.


హనుమకొండ_అక్క

వచ్చాను. ఇది కాస్త పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే నువ్వు మారడం లాభమో కాదో తేలేది ఇక్కడే.

రెండు చోట్లా 30 క్రెడిట్ల కోర్సే అనుకుందాం. ఉన్నచోటే ఉంటే మిగిలిన 21 క్రెడిట్లకి 23,100 డాలర్లు. మారాక వాళ్ళు 6 క్రెడిట్లు ఒప్పుకుంటే 24 చేయాలి, 13,200. అంటే 9,900 మిగులు. సెమిస్టర్లు కూడా పెరగవు. ఇక్కడ 9, 9, 3 చేసేదానివి, అక్కడ 9, 9, 6 చేస్తావు. బ్రహ్మాండం.

ఒక్క క్రెడిట్ కూడా ఒప్పుకోలేదనుకో. మొత్తం 30 మళ్ళీ చేయాలి, 16,500. కాగితం మీద ఇంకా 6,600 మిగులే. కానీ 9, 9, 9, 3 అని నాలుగు సెమిస్టర్లు అవుతుంది, అంటే ఒకటి ఎక్కువ. ఆ సెమ్‌లో అద్దె, తిండి, ఫోను, బస్సు అన్నీ కలిపి నెలకి 900 వేసుకున్నా ఐదు నెలలకి 4,500. మిగిలేది 2,100. అందులోంచి ఇప్పటి లీజు వదులుకున్నందుకు ఇచ్చేది, సామాను తరలింపు, అక్కడ కొత్త డిపాజిట్ తీసెయ్. అదీకాక ఉద్యోగంలో చేరడం కొన్ని నెలలు వెనక్కి పోతుంది. ఇంత హైరానా దానికోసమా అనిపిస్తుంది.

కాబట్టి సీటు ఖాయం చేసేముందే కొత్త డిపార్ట్‌మెంట్ గ్రాడ్యుయేట్ అడ్వైజర్‌కి మెయిల్ పెట్టు. అడ్మిషన్ ఆఫీసుకి కాదు, వాళ్ళు "చేరాక చూస్తారు" అని ఒక లైన్ కొడతారు. ఆ మూడు కోర్సుల సిలబస్‌లు జత చేసి, వీటిలో ఏవి మీ కోర్సులకి సరిపోతాయని సూటిగా అడుగు. చాలాచోట్ల మాస్టర్స్‌లో 6 నుంచి 9 దాకానే తీసుకుంటారు, బీ కంటే తక్కువ గ్రేడ్ ఉంటే తీసుకోరు. ఆల్గోరిథమ్స్, డేటాబేస్ ప్రతి యూనివర్సిటీలో ఉండేవే కాబట్టి వాటికి అవకాశం ఎక్కువ. క్లౌడ్ ఎలెక్టివ్ మీద ఆశలు పెట్టుకోకు. తుది నిర్ణయం చేరాక వస్తుంది నిజమే, కానీ అడ్వైజర్ "ఈ రెండూ సరిపోయేలా ఉన్నాయి" అని రాసిన మెయిల్ చేతిలో ఉంటే జనవరిలో మాట్లాడటం తేలిక.

సిలబస్ అంటే క్యాటలాగ్‌లో ఉండే నాలుగు లైన్లు కాదు. ప్రొఫెసర్ సెమ్ మొదట్లో ఇచ్చిన పూర్తి పీడీఎఫ్, వారం వారం టాపిక్‌లు, టెక్స్ట్‌బుక్ పేరు, మార్కుల విభజన ఉన్నది. అసైన్‌మెంట్లు, ప్రాజెక్ట్ రిపోర్ట్ కూడా ఈ రోజే డౌన్‌లోడ్ చేసి స్కూల్ డ్రైవ్‌లో కాకుండా నీ సొంత డ్రైవ్‌లో పెట్టుకో. యూనివర్సిటీ వదిలాక క్యాన్వాస్ (కోర్సుల వెబ్‌సైట్) లాగిన్ ఎప్పుడు తీసేస్తారో చెప్పలేం. జనవరిలో అడ్వైజర్ సిలబస్ అడిగితే, ప్రొఫెసర్‌కి మెయిల్ పెట్టి, ఆయన వెకేషన్ నుంచి వచ్చేదాకా చూస్తూ కూర్చున్నవాళ్ళని ఎంతమందినో చూశాను.

నీ స్కాలర్‌షిప్ గురించి. టెక్సస్‌లో స్టేట్ యూనివర్సిటీలు పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ వెయ్యి డాలర్లు కానీ అంతకంటే ఎక్కువ కానీ ఉంటే బయటి రాష్ట్రం, బయటి దేశం వాళ్ళకి కూడా ఇన్‌స్టేట్ ఫీజు వర్తిస్తుంది. నీ లాభమంతా ఆ వెయ్యి డాలర్ల మీదే నిలబడి ఉంది. అది ఒక్క సెమ్‌కా, ఏడాదికా, తర్వాత మళ్ళీ అప్లై చేయాలా, జీపీఏ ఎంత ఉండాలి, ఇవన్నీ మెయిల్‌లో రాయించుకో. ఒకసారి స్కాలర్‌షిప్ కథ విన్నావు కదా, రెండోసారి నోటి మాట నమ్మక్కర్లేదు.

పాత చోట స్ప్రింగ్‌కి రిజిస్టర్ అయి ఉంటే ఆ కోర్సులు డ్రాప్ చెయ్. ట్రాన్స్‌ఫర్ అయినంత మాత్రాన అవి వాటంతట అవి పోవు. క్లాసులు మొదలయ్యేదాకా అలాగే ఉంటే బిల్లు పడుతుంది. బిల్లు బాకీ ఉంటే చాలాచోట్ల ట్రాన్స్‌క్రిప్ట్ ఆపేస్తారు. లైబ్రరీ ఫైన్, పార్కింగ్ ఫైన్ కూడా చూసుకో. ఏడు డాలర్ల లైబ్రరీ ఫైన్ వల్ల ట్రాన్స్‌క్రిప్ట్ ఆగిపోయి మా డెస్క్ దగ్గర ఏడ్చిన అమ్మాయి ఉంది. ఫైనల్ గ్రేడ్లు పడ్డాక మాత్రమే ట్రాన్స్‌క్రిప్ట్ ఆర్డర్ చెయ్, ముందే చేస్తే గ్రేడ్లు లేకుండా వెళ్ళిపోతుంది.

ఓపీటీకి (చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసే అనుమతికి) ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలన్న రూల్‌లో పాత చోట చదివిన సెమ్ కూడా కలుస్తుంది, దాని గురించి బెంగ వద్దు. కొత్త ఐ-20 రాగానే మొదటి పేజీలో కోర్సు పేరు పక్కనున్న కోడ్ చూడు. కంప్యూటర్ సైన్స్‌కి 11తో మొదలవ్వాలి. ఓపీటీకి 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ కోర్సులవాళ్ళకి ఇచ్చే పొడిగింపు) వచ్చేది ఆ కోడ్‌ని బట్టే.


ఖమ్మం_కుర్రాడు

అక్కా, మధ్యలో అడుగుతున్నందుకు సారీ. నాకు వేరే యూనివర్సిటీ నుంచి ఆగస్టు ఫాల్‌కి అడ్మిట్ వచ్చింది. ఈ డిసెంబర్‌తో ఇక్కడ ఆపేసి, ఆగస్టు దాకా ఇండియాలో ఉండి నేరుగా కొత్త చోటికి రావచ్చా? ఒక సెమ్ ఫీజు మిగులుతుంది కదా అని.


హనుమకొండ_అక్క

కుదరదు తమ్ముడూ. పాత చోట చదువు ఆపిన నాటి నుంచి ఐదు నెలల్లోపు కొత్త చోట క్లాసులు మొదలవ్వాలి. డిసెంబర్ మధ్య నుంచి లెక్కేస్తే మే మధ్యకే గడువు అయిపోతుంది, ఆగస్టు ఎక్కడ! స్ప్రింగ్ ఉన్నచోటే ఫుల్‌టైమ్ చదివి మేలో ట్రాన్స్‌ఫర్ పెట్టుకో, అప్పుడు ఆగస్టు ఆ ఐదు నెలల్లోపే వస్తుంది. లేదంటే కొత్తవాళ్ళు స్ప్రింగ్‌కి, కనీసం సమ్మర్‌కి తీసుకుంటారేమో అడుగు. ఇండియా వెళ్ళి కొత్తగా ఐ-20, మళ్ళీ ఐ-901 ఫీజు, మళ్ళీ స్లాట్ వెతుక్కుని వీసా ఇంటర్వ్యూ అనేది కూడా ఒక దారే. స్లాట్ల పరిస్థితి నీకు తెలియంది కాదు.

ఓపీటీ మీదున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: రెండో మాస్టర్స్‌కి ట్రాన్స్‌ఫర్ పెడితే రిలీజ్ డేట్ రాగానే మీ ఓపీటీ ఆగిపోతుంది, కార్డు మీద ఇంకా నెలలు మిగిలి ఉన్నా సరే. ఆఫీసులో చివరి రోజు ఏదో ముందు తేల్చుకుని అప్పుడు ఆ గడి నింపండి.


ఒంగోలు_అమ్మాయి

అప్‌డేట్. డీఎస్‌ఓ దగ్గరికి వెళ్ళాను. భయపడ్డంత ఏమీ లేదు, పది నిమిషాల్లో అయిపోయింది. ఇప్పుడున్న రూల్ ప్రకారం ఇబ్బంది లేదన్నారు. రిలీజ్ డేట్ డిసెంబర్ 15 అని చెప్పగానే ఆవిడే "జాబ్ చివరి రోజు ఎప్పుడు?" అని అడిగారు! కొత్త అడ్వైజర్ ఆల్గోరిథమ్స్, డేటాబేస్ రెండూ సరిపోయేలా ఉన్నాయని రాశారు, క్లౌడ్ కుదరదన్నారు. స్కాలర్‌షిప్ ఏడాదికట, జీపీఏ 3.0 ఉంటే మళ్ళీ అప్లై చేసుకోవచ్చట. నా రూమ్ భాగం జనవరి నుంచి ఒక జూనియర్ తీసుకుంటోంది, ఓనర్ కూడా ఒప్పుకున్నారు. నాన్న బ్యాంకులో కాగితాలు ఇచ్చి స్టాంపు వేయించుకున్నారు అంకుల్.


హనుమకొండ_అక్క

శుభం. ఓనర్ ఒప్పుకున్నారన్నది కాగితం మీద ఉందా? లీజులో నీ పేరు తీసి ఆ అమ్మాయి పేరు వేసినట్టు సంతకాలు అయ్యాకే తాళం ఇవ్వు. డిపాజిట్ ఎవరు ఎవరికి ఇవ్వాలో కూడా అందులోనే రాయించు. ఇండియా నుంచి వచ్చేటప్పుడు కొత్త ఐ-20, పాత ఐ-20, అడ్మిట్ లెటర్, ఐ-901 రసీదు, నాన్నగారి బ్యాంకు లెటర్ అన్నీ చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్ సూట్‌కేసులో ఆవకాయ పక్కన పెట్టకు.